‘ముత్సు’ను మూలన కూర్చోబెట్టింది జాలర్లా, ప్రభుత్వమా?

యంత్రకారుడు:
జపాన్ కట్టిన ఒకే ఒక్క అణుశక్తి నౌక ముత్సు. 1974 సెప్టెంబర్ 1న, నడిసముద్రంలో రియాక్టర్ శక్తిని 1.4 శాతానికి పెంచేసరికి దాని చుట్టూ రేడియేషన్‌ను ఆపే కవచం సందుల్లోంచి న్యూట్రాన్లు అనే రేణువులు బయటపడ్డాయి. అంతే. రేడియోధార్మిక పదార్థం చుక్కయినా సముద్రంలో కలవలేదు. అయినా జాలర్లు నెలన్నర పాటు నౌకను రేవులోకి రానివ్వలేదు. కవచం సరిచేశాక అదే రియాక్టర్‌తో 82,000 కిలోమీటర్లు తిరిగింది కదా! దీన్ని చంపింది భయమేనని నా వాదన.

కడలి:
యంత్రకారుడు గారూ, ‘అంతే’ అని తేల్చేయకండి. ఈ నౌక రేవు ఉన్న, ఉత్తర జపాన్‌లోని ముత్సు అఖాతంలో జాలర్లకు స్కాలప్ గుల్లల పెంపకమే జీవనాధారం. సరుకులో ఏమీ లేకపోయినా, ఉందేమోనన్న అనుమానం చాలు, బజారులో కొనే నాథుడుండడు. అందుకే నౌక పరీక్షకు బయలుదేరకుండా వందల పడవలతో దారికి అడ్డుపడ్డారు. తుఫాను గాలికి చిన్న పడవలు వెనుదిరగగానే, అర్ధరాత్రి దాటాక నౌకను బయటికి తీశారు. జనం కళ్లుగప్పి మొదలుపెట్టిన పరీక్షను ఎవరు నమ్ముతారు?

ఇక లీకు సంగతి. నౌకలో అన్నం వండి, అందులో బోరాన్ కలిపి, ఆ ముద్దలతో సందులు పూడ్చబోయారు. బోరాన్ న్యూట్రాన్లను పీల్చుకుంటుంది కాబట్టి ఆలోచన సరైనదే. కానీ అది విన్న తీరవాసికి ఏ ధైర్యం చెబుతారు? పైగా ఇలా జరగవచ్చని అమెరికా సంస్థ వెస్టింగ్‌హౌస్ ముందే హెచ్చరించింది.

యంత్రకారుడు:
హెచ్చరికను పెడచెవిన పెట్టడం ఘోరమైన తప్పు, కాదనను. కానీ కవచం మరమ్మతు 1982కే పూర్తయింది. అసలు ప్రయోగ ప్రయాణాలు 1991 దాకా సాగకపోవడం ఏ న్యాయం?

కడలి:
ఆ ఏళ్లు ఎలా గడిచాయో చూడండి. నౌకను రెండున్నరేళ్లలో దాని సొంత రేవు ఒమినాటో నుంచి తీసుకుపోతామని 1974 అక్టోబర్‌లో ప్రభుత్వమే ఒప్పందం రాసిచ్చింది. 1978 అక్టోబర్‌లో గానీ కదల్చలేదు. మరమ్మతుకు తీసుకెళ్లింది ఎక్కడికి? ససెబోకు, అంటే అణుబాంబు దెబ్బ తిన్న నాగసాకి ప్రిఫెక్చర్‌కే (జిల్లా లాంటి పాలనా ప్రాంతం)! చివరికి సెకినెహామాలో కొత్త రేవు కట్టి, 1988లో నౌకను అక్కడికి చేర్చారు. జాలర్లు అడిగింది రాసిచ్చిన మాట నిలబెట్టుకోమని. ఆ పద్నాలుగేళ్లను వాళ్ల ఖాతాలో వేస్తే నేను ఒప్పుకోను.