14 శాతం వాటా ఉంది, అయినా వాటాదారుల మీటింగ్‌ని బోర్డు పిలవట్లేదు

రావిచెట్టు:
గుంటూరు దగ్గర మాది ప్రైవేట్ లిమిటెడ్ కోల్డ్ స్టోరేజీ. నాన్న పోయాక ఆయన షేర్లు నాకూ చెల్లికీ వచ్చాయి, కలిపితే 14 శాతం. ఎండీ మా బాబాయి. ఆయన్ని డైరెక్టరుగా తీసేసి మా పెద్దనాన్నగారి అబ్బాయిని పెట్టాలని, అందుకు ఈజీఎం (వాటాదారుల ప్రత్యేక సమావేశం) పిలవమని ఇద్దరం సంతకాలు పెట్టి రిజిస్టర్డ్ పోస్టులో పంపాం. కవరు 'డోర్ లాక్' అని తిరిగొచ్చింది. సీజన్లో అర్ధరాత్రి కూడా మిర్చి టిక్కీలు దిగే చోటండి అది! మళ్లీ వెళ్లి చేతికిచ్చి, నకలు మీద ముద్ర వేయించుకున్నాం. నెలయింది. 'కారణాలు చాలవు' అంటున్నారట. అసలు కారణం చెప్పాలా?

మిర్చియార్డు:
అక్కర్లేదు. ట్రాక్టర్ల కంపెనీ ఎస్కార్ట్స్‌లో డైరెక్టర్లను తీసేయడానికి ఎల్ఐసీ మీటింగ్ అడిగిన కేసులో, వాటాదారు తన కారణాలు బయటపెట్టనక్కర్లేదని సుప్రీంకోర్టు 1986లోనే తేల్చేసింది. ఇప్పుడు నడిచేది 2013 చట్టం, సెక్షన్ 100. ఓటు హక్కున్న మూలధనంలో పదో వంతు ఉంటే చాలు. ఉత్తరం అందిన 21 రోజుల్లో బోర్డు కదలాలి, 45 రోజుల్లోపు మీటింగ్ జరగాలి. లేదంటే మీరే పిలుచుకోవచ్చు, 3 నెలల్లోపు. ఆ ఖర్చు కంపెనీ మీకిచ్చి, మొండికేసిన డైరెక్టర్లకు ఇచ్చేదాంట్లో కోసుకుంటుంది. నాకు భలే ఇష్టమైన క్లాజు.

పాతకాపు:
పుస్తకం బాగానే చదివారు. మరి జీ టీవీ కంపెనీ సంగతేంటి? 2021లో అందులో ఇన్వెస్కో అనే విదేశీ ఫండుకి దాదాపు 18 శాతం ఉంది. ఎండీ పునీత్ గోయెంకాను తీసేసి ఆరుగురు కొత్తవాళ్లను పెట్టాలని మీటింగ్ అడిగింది. బాంబే హైకోర్టు ఆపలేదా?

మిర్చియార్డు:
2022 మార్చిలో అదే కోర్టులో ఇద్దరు జడ్జీల డివిజన్ బెంచ్ ఆ ఉత్తర్వును కొట్టేసింది. సగం కథే చెబితే ఎలా?

పాతకాపు:
మిగతా సగం కూడా వినండి. బెంచ్ తీర్పు రాగానే ఇన్వెస్కోయే వెనక్కి తగ్గింది. మీటింగే జరగలేదు. ఆర్నెల్లు లాయర్లు బతికారు, అంతే.

కొత్తిమీర:
2024 నవంబరులో జీ ఏజీఎంలో (వాటాదారుల వార్షిక సమావేశంలో) అదే గోయెంకాను డైరెక్టరుగా కొనసాగించడానికి సగం ఓట్లు రాలేదండోయ్.

పాతకాపు:
సగం! నేననేదీ అదే. రావిచెట్టు గారికున్నది 14. పిలవగలరు, గెలవలేరు.

తాటిముంజ:
డోర్ లాక్ కవరు లెక్కలోకి వస్తుందా రాదా? అది ఎవరూ చెప్పరేం?

మిర్చియార్డు:
ముద్ర ఉన్న తేదీ పట్టుకోమనండి, గొడవుండదు. గెలుపోటములు తర్వాత, నలుగురి ముందు లెక్కలడగడానికైనా మీటింగ్ కావాలిగా. సత్యం కంప్యూటర్స్‌లో ప్రమోటర్లకు, అంటే కంపెనీ పెట్టినవాళ్లకు, పది శాతం లోపే వాటా. 2008 డిసెంబరులో బోర్డు ఒక్క సమావేశంలో ఆ ప్రమోటర్ల కుటుంబానికే చెందిన మేటాస్ కంపెనీల కొనుగోలుకు ఊ కొట్టింది. వాటాదారుల్ని ఓటడిగారా?

పాతకాపు:
ఎక్కడ నలుగురు డైరెక్టర్లు కనబడితే అక్కడ సత్యం తెచ్చి పడేస్తారు! నేనూ ఇలాంటి కంపెనీలో డైరెక్టర్నే. డల్లాస్‌లో ఉండే మా మేనల్లుళ్లకు షేర్లు వారసత్వంగా వచ్చాయి. ఏసీ గదిలో కూచుని 'మావయ్యా, నువ్వు దిగిపో' అని ఈమెయిల్. మిర్చి రేటు పడిన ఏడు బ్యాంకువాళ్లు ఎవరింటికొచ్చారో వాళ్లకి తెలుసా? లోనుకి పర్సనల్ గ్యారంటీ నాది. తాకట్టులో ఉన్న ఇల్లు నాది. వాళ్లకి 'పదో వంతు' హక్కు, నాకు అప్పు!

రావిచెట్టు:
పాతకాపు గారూ, ఆ కోల్డ్ స్టోరేజీ ఉన్న ఎకరంన్నర మా నాన్నది. కంపెనీకి రాసిచ్చి షేర్లు తీసుకున్నారు. మూడేళ్లుగా మాకు డివిడెండ్ లేదు, బాలెన్స్ షీటు లేదు. పెళ్లిలో భోజనాల దగ్గర అడిగితే, బాబాయి నా విస్తట్లో అప్పడం వేసి 'ఇప్పుడెందుకమ్మా' అన్నారు. ఎప్పుడడగాలండి మరి?

పాతకాపు:
లెక్కలు చూపించకపోవడం తప్పే. నేను మావాళ్లకి ఏటా పంపిస్తా. కానీ మీరడిగింది లెక్కలు కాదు, కుర్చీ. మీ అన్నయ్య కూర్చుంటే బ్యాంకుకి గ్యారంటీ సంతకం ఆయన పెడతారా?

కొత్తిమీర:
ఇదీ అసలు ప్రశ్న.

మిర్చియార్డు:
చట్టంలో ఆ షరతు ఎక్కడా లేదు.

పాతకాపు:
బ్యాంకులో ఉంటుంది.

రావిచెట్టు:
ఆ మాట అన్నయ్యని అడగలేదు. ఈ రాత్రి ఫోన్ చేస్తా.

మిర్చియార్డు:
చేయండి. కానీ 3 నెలల గడువు మీ ఉత్తరం నాటి నుంచే నడుస్తోంది, అందులో నెల అయిపోయింది. పైగా మీరే పిలిస్తే నోటీసుకి 21 రోజులు పోతాయి.