ట్రోఫీకి స్టూడియో మార్కులా? పేటెంటుకి ప్రమోషన్ పాయింట్లా? ఆర్కిటెక్చర్ కాలేజీల ‘విజయాల’ పట్టిక మీద చర్చ

మండువా
యూనివర్సిటీల్లో ఉన్న ఆర్కిటెక్చర్, డిజైన్ కాలేజీలు ఏడాదికోసారి ‘విద్యార్థులు, అధ్యాపకుల విజయాలు’ అని ఒక పట్టిక విడుదల చేస్తాయి. నాసా ఇండియా ట్రోఫీలు (రాకెట్ల నాసా కాదు, 1957 నుంచి ఉన్న ఆర్కిటెక్చర్ విద్యార్థుల సంఘం), థీసిస్ అవార్డులు, మాస్టార్ల పేపర్లు, పేటెంట్లు అన్నీ ఒకే వరసలో ఉంటాయి. ఈమధ్య చాలాచోట్ల ట్రోఫీ వచ్చిన టీముకి స్టూడియోలో (డిజైన్ చేయించే ప్రధాన క్లాసు) మార్కులు కలపాలని, గైడ్‌గా ఉన్న మాస్టారికి అప్రైజల్‌లో పాయింట్లు వేయాలని అడుగుతున్నారు.

నేను ఒప్పుకోను. ట్రోఫీ వచ్చిందన్నది ఫలితం. స్టూడియో మార్కు పనికి వేయాలి. ఎవరు ఏ పని చేశారో చూపించే కాగితం లేకపోతే అది పట్టికలోకే రాకూడదు, ఇంక మార్కుల సంగతెందుకు? మీరేమంటారు?

ఏ1 షీటు
అంత తేలిగ్గా కొట్టిపారేయకండి. లూయీ కాన్ ట్రోఫీ (నాసా ఇండియా పోటీల్లో ఒకటి) డాక్యుమెంటేషన్‌కి ఒక ఊరికి వెళ్ళి, ఇల్లిల్లూ కొలిచి, ప్లాన్లు, సెక్షన్లు, కిటికీ చెక్కపని దాకా గీసుకొస్తారు. ‘హిస్టరీ ఆఫ్ ఆర్కిటెక్చర్’ పేపర్లో నాలుగు ప్రశ్నలు రాసి 70 మార్కులు తెచ్చుకున్నవాడికంటే వీళ్ళకే ఇళ్ళ గురించి ఎక్కువ తెలుసు. హాజరు 75 శాతం లేదని పరీక్షకి ఆపుతారు, పని మాత్రం కాలేజీ పేరు మీద గోడకెక్కుతుంది. ఈ పనికి మార్కు లేకపోతే రేపు ఎవరు చేస్తారు?

డిజైన్ ట్రోఫీ వేరు, అది ఒప్పుకుంటా. పోటీ బ్రీఫ్‌లో మెట్ల వెయిస్ట్ స్లాబు (మెట్ల కింది వాలు స్లాబు) ఎంత మందం, టాయిలెట్ డక్టు ఎక్కడ, ర్యాంపు వాలు 1:12 వచ్చిందా లేదా అని సాధారణంగా ఎవరూ అడగరు. ఆ షీటుని స్టూడియో సబ్మిషన్‌గా తీసుకుంటే వర్కింగ్ డ్రాయింగ్ (కట్టడానికి ఇచ్చే పూర్తి వివరాల బొమ్మ) దగ్గర దొరికిపోతారు. డాక్యుమెంటేషన్ అలాంటిది కాదు.

లెవల్ పైపు
డాక్యుమెంటేషన్ అంటే అన్నీ ఒకటి కావండీ. ఏది నిజంగా కొలిచిందో, ఏది గూగుల్ మ్యాపూ ఫోటోలూ చూసి గీసిందో షీటు చూస్తే పట్టేయొచ్చు. ఎలాగో చెప్తా, ఎందుకంటే మార్కులు వేయాలంటే ముందు ఇది తెలియాలి.

కోనసీమలో ఒక మండువా లోగిలి అనుకోండి. నడిమి మండువా (ఇంటి మధ్య పైకప్పు లేని చోటు) 3600 బై 4200 మిల్లీమీటర్లు. నాలుగు వైపులూ కొలిస్తే పని అయిపోయిందనుకుంటారు. నాలుగు వైపుల కొలతలతో ఆకారం నిలవదు, నాలుగు పుల్లల చట్రంలా ఎటైనా ఒరుగుతుంది. రెండు కర్ణాలూ కొలవాలి. మూలమట్టంగా ఉంటే రెండూ 5532 రావాలి. ఒకటి 5500, రెండోది 5563 వచ్చిందంటే, 4200 పొడవు మీద ఆ ఇల్లు దాదాపు 48 మిల్లీమీటర్లు పక్కకి జరిగి ఉంది. 1:50 స్కేలు బొమ్మలో అది దాదాపు ఒక్క మిల్లీమీటరు, కంటికి ఆనదు. 1:20 డీటెయిల్‌లో దాదాపు రెండున్నర మిల్లీమీటర్లు, కనబడి తీరాలి.

ఇప్పుడు షీటు మీద స్కేలు పెట్టి రెండు కర్ణాలూ కొలవండి. వందేళ్ళ మట్టిగోడల ఇంట్లో గది గదికీ రెండు కర్ణాలు సమానంగా వస్తున్నాయంటే అది కొలిచింది కాదు. ఆటోక్యాడ్‌లో ఎఫ్ 8 నొక్కి, ఆర్థో (గీతలన్నీ నిలువుగా, అడ్డంగా మాత్రమే వచ్చే సెట్టింగ్) ఆన్ చేసి గీసింది. పాత ఇంటికి మూలమట్టం లేకపోవడం తప్పేమీ కాదు. ఆ వంకరని దాచిపెట్టడమే తప్పు.

రెండో గుర్తు, కొలతల వరస. గుమ్మం, గోడ, కిటికీ, గోడ అని విడివిడిగా టేపు పెట్టి 5 మిల్లీమీటర్ల తేడాతో పోతే, 12 ముక్కలయ్యేసరికి తప్పులన్నీ ఒకే వైపు పడితే 60 మిల్లీమీటర్లు పోతుంది. అందుకే ఒక మూల సున్నా పట్టి, టేపు కదపకుండా వరసగా చదవాలి. ముగ్గురు కావాలి. ఒకరు సున్నా దగ్గర, ఒకరు చదివేవాళ్ళు, ఒకరు రాసేవాళ్ళు. రాసేవాళ్ళు విన్న అంకె తిరిగి పైకి చెప్పాలి. ఇంగ్లీషులో చదివితే సిక్స్టీ, సిక్స్టీన్ కలిసిపోయేది ఇక్కడే.

మూడోది మట్టం. అరుగు, వసారా, మండువా పల్లం, వంటిల్లు అన్నీ వేరు వేరు ఎత్తుల్లో ఉంటాయి. నేలమీంచి పైకి కొలిచారంటే ప్రతి గదిలో లెక్క మారిపోతుంది. లెవల్ పైపుతో ఇల్లంతా చుట్టి ఒకే ఎత్తులో సుద్దగీత వేసి, అక్కణ్ణుంచి కిందకీ పైకీ కొలవాలి. పైపులో గాలిబుడగ ఒక్కటున్నా గీత తప్పుతుంది. నీళ్ళు నెమ్మదిగా నింపి, బుడగలన్నీ పోయేదాకా ఒక చివర ఎత్తి పట్టుకోవాలి. నడిచేటప్పుడు వేలు అడ్డం పెట్టి మూస్తారు కదా, చదివేటప్పుడు రెండు చివర్లా తీయాలి. ఒక్కరు మర్చిపోయినా నీళ్ళు అక్కడే ఆగిపోతాయి, మట్టం అబద్ధం చెప్తుంది.

స్తంభాలకి తూకం గుండు, గోడ మందం గుమ్మాల దగ్గర, దూలాలు, వాసాలు విడిగా లెక్క. ఇవన్నీ ఫీల్డ్ బుక్‌లో ఉంటాయి. పేజీకి తేదీ, చదివినవాళ్ళ పొడి అక్షరాలు, రాసినవాళ్ళ పొడి అక్షరాలు. ఆ పుస్తకం చూపిస్తే ట్రోఫీ రాకపోయినా మార్కు వేయండి. చూపించకపోతే ట్రోఫీ వచ్చినా వేయొద్దు.

ఏ1 షీటు
ఫీల్డ్ బుక్ మాట ఒప్పుకుంటున్నా. కాకపోతే పేరు ఒకరిది, చెమట ఇంకొకరిది అన్న గొడవ దాంతోనే తేలదు. టేపు పట్టుకున్నవాళ్ళు నలభై మంది ఉంటారు, ఎంట్రీలో రాయనిచ్చే పేర్లు కొన్నే. రెండో సంవత్సరం పిల్లల పొడి అక్షరాలు పుస్తకంలో ఉంటాయి, సర్టిఫికెట్ మీద ఉండవు.

లెవల్ పైపు
అందుకేగా పుస్తకాన్ని చూడమనేది! సర్టిఫికెట్ చూసి మార్కు వేస్తేనే వాళ్ళకి అన్యాయం.

జర్నల్ నంబరు
పిల్లల సంగతి సరే, పెద్దల సంగతీ చూద్దాం. ఆ పట్టికలో అతి ఎక్కువ మోసం ‘పేటెంట్’ అన్న మాటలోనే ఉంది. నాలుగు వేరు వేరు వస్తువుల్ని ఆ ఒక్క పేరుతో పిలుస్తున్నారు.

ఒకటి, అప్లికేషన్ వేశారు, అంతే. రెండు, అప్లికేషన్ పేటెంట్ ఆఫీసు జర్నల్లో ప్రచురితమైంది. మామూలుగా 18 నెలలకి దానంతట అదే ప్రచురితమవుతుంది, ఫారం 9 వేస్తే నెలరోజుల్లోనే. ఇది ఎవరూ పరీక్షించి ఇచ్చింది కాదు. పరీక్ష కావాలంటే ఫారం 18 వేరే వేయాలి. 2024 నిబంధనల తర్వాత దానికి గడువు 31 నెలలు. వేయకపోతే అప్లికేషన్ వెనక్కి తీసుకున్నట్టే లెక్క. పట్టికలో ‘పేటెంట్ పబ్లిష్డ్’ అని ఫోటోతో సహా ఉంటుంది, ఫారం 18 మాత్రం వేసి ఉండరు. మూడు, నిజంగా గ్రాంట్ అయిన పేటెంట్. ఫైలింగ్ తేదీ నుంచి 20 ఏళ్ళు. నాలుగు, డిజైన్ రిజిస్ట్రేషన్. 2000 నాటి డిజైన్స్ చట్టం కింద వస్తువు రూపానికి మాత్రమే రక్షణ, 10 ఏళ్ళు, ఇంకో 5 పొడిగించుకోవచ్చు. పనితీరుతో సంబంధం లేదు. ఇది పేటెంటే కాదు.

ఈ నాలుగో రకంలోనే ‘అంతర్జాతీయం’ అని ఇంకో మెరుగు. బ్రిటన్‌లో డిజైన్ రిజిస్టర్ చేసుకుంటారు. అక్కడ 2006 అక్టోబరు నుంచి కొత్తదా కాదా అని పరీక్షించడమే లేదు. ఫారం సరిగ్గా నింపి రుసుము కడితే సర్టిఫికెట్ చేతికొస్తుంది. ఎనిమిది మంది పేర్లు, ఎనిమిది అప్రైజళ్ళు.

పట్టుకోవడం సులువే. నంబరు అడగండి. మన రెండు రాష్ట్రాల అప్లికేషన్లు చెన్నై ఆఫీసుకి పోతాయి. సంవత్సరం, తర్వాత 4, తర్వాత మామూలు అప్లికేషన్‌కి 1, ఆ పైన ఆరంకెలు. అంటే 202341 అని మొదలైతే 2023లో చెన్నైలో వేసిన మామూలు పేటెంట్ అప్లికేషన్. ఆరంకెలూ, పక్కన గీత పెట్టి 001 అని ఉంటే అది డిజైన్ రిజిస్ట్రేషన్. నంబరే రాయకపోతే ఆ వరస కొట్టేయండి.

ర్యాంకు లెక్క
మీరంతా కాలేజీ నడిపేవాళ్ళ బాధ చూడట్లేదు. ఎన్‌ఐఆర్‌ఎఫ్‌లో (కేంద్రం ఇచ్చే కాలేజీల ర్యాంకులు) ఆర్కిటెక్చర్‌కి 2018 నుంచి విడిగా ర్యాంకులున్నాయి. పేపర్ల లెక్క స్కోపస్, వెబ్ ఆఫ్ సైన్స్ అనే పరిశోధన పత్రాల డేటాబేసుల నుంచి తీసుకుంటారు, పేరుప్రతిష్ఠలకి విడిగా వాటా ఉంది. ట్రోఫీకి నేరుగా పాయింటు లేదు, నిజమే. అయితే నాటా (ఆర్కిటెక్చర్ ప్రవేశ పరీక్ష) రాసిన పిల్లల తల్లిదండ్రులు కౌన్సెలింగ్‌కి ముందు చూసేది ఈ పట్టికే. విజయవాడ స్పాకి (స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్) జాతీయ ప్రాముఖ్య సంస్థ అన్న హోదా ఉంది, హైదరాబాద్ మాసబ్‌ట్యాంక్‌లోని జేఎన్‌ఏఎఫ్‌ఏయూకి (ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ) పాత పేరుంది. మిగతా కాలేజీలు ఏం చూపించుకోవాలి?

మండువా
స్టూడియో పని చూపించుకోవాలి. అహ్మదాబాద్ సెప్ట్ యూనివర్సిటీలో సెమిస్టర్ అయ్యాక పిల్లల స్టూడియో పనులు ప్రదర్శనకి పెడతారు, ఆన్‌లైన్‌లోనూ ఉంచుతారు. బహుమతి రానివాళ్ళవి కూడా. తల్లిదండ్రులకి దానికంటే నిజాయితీ గల పట్టిక ఏముంటుంది?

మాస్టార్ల లెక్క గురించి ఒక మాట. మాస్టార్ల నియామకం, ప్రమోషన్ల మీద యూజీసీ 2018 నిబంధనల పట్టికలో దేశీయ పేటెంటుకి 7 పాయింట్లు, అంతర్జాతీయానికి 10, కన్సల్టెన్సీకి 3. ఒక ఆర్కిటెక్చర్ మాస్టారు సైట్లో నిలబడి, సున్నపు గచ్చు పాళ్ళు సరిచేసి, ఒక పాత భవనాన్ని నిలబెట్టారనుకోండి. ఆయనకి 3. యూజీసీ పట్టికలో పేటెంట్ అని ఉంది తప్ప అప్లికేషన్ అని లేదు, అయినా వేసుకునేవాళ్ళు వేసుకుంటున్నారు. కట్టడం నేర్పే కాలేజీలో కట్టినవాళ్ళకే తక్కువ మార్కు. పేపర్లకి నేను వ్యతిరేకం కాదు, ఈ తూకం మాత్రం బాగా లేదు.

మూడు కాళ్ళ స్టూలు
డిజైన్ వైపు నుంచి ఒకటి. స్టూడియోలో విద్యార్థి ఒక కుర్చీ చేస్తాడు. రిజిస్ట్రేషన్‌లో యజమాని స్థానంలో మాస్టారి పేరు, కాలేజీ పేరు. చట్టం ప్రకారం డబ్బో మరో ప్రతిఫలమో ఇచ్చి చేయించుకుంటే చేయించుకున్నవారు యజమాని, లేకపోతే చేసినవాడే. విద్యార్థి జీతగాడు కాదు, ఎదురు ఫీజు కడుతున్నాడు. రాతపూర్వకంగా బదిలీ చేయకుండా ఆ కుర్చీ కాలేజీది ఎలా అవుతుంది? ‘గైడ్ చేశాను’ అంటే సరిపోదు. గైడ్ చేసినందుకే జీతం.

ఇంకో గుంట. జ్యూరీ (బయటివాళ్ళు వచ్చి పని చూసే పరీక్ష) అవగానే కుర్చీ ఫోటో కాలేజీ ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టేస్తారు, రెండు నెలల తర్వాత రిజిస్ట్రేషన్‌కి వెళ్తారు. అప్పటికే బయటపెట్టిన రూపం కొత్తది కాదు, రిజిస్ట్రేషన్ వచ్చినా రద్దు చేయించొచ్చు. ప్రదర్శనకి మినహాయింపు ఉన్నది కేంద్ర ప్రభుత్వం నోటిఫై చేసినవాటికే, అదీ ముందుగా కంట్రోలర్‌కి తెలియజేసి, ఆరు నెలల్లోపు అప్లికేషన్ వేస్తే. కాలేజీ ఫెస్టుకి అది వర్తించదు. ముందు అప్లికేషన్, తర్వాతే ఫోటో.

ఏ1 షీటు
@లెవల్ పైపు, ఫీల్డ్ బుక్ మీదే మార్కు అంటే ఒక చిక్కు. లేజర్ మీటర్‌తో కొలిచి నేరుగా ట్యాబ్‌లో గీసుకునేవాళ్ళ పొడి అక్షరాలు ఎక్కడ వెతుకుతారు?

లెవల్ పైపు
ట్యాబ్‌లో గీసిందాన్ని ఆ సాయంత్రమే పీడీఎఫ్ చేసి తేదీతో గ్రూపులో పెట్టించండి. తర్వాత సరిదిద్దితే కొత్త ఫైలు, పాతది తీసేయకూడదు. ఇంకోటి, లేజర్ కొన ఒక్కోసారి ద్వారబంధం మీద కాకుండా వెనక గోడ మీద పడుతుంది, చదివినవాళ్ళకి తెలియదు. గదికి ఒక్క కర్ణమైనా టేపుతో మళ్ళీ కొలవమనండి. ఆ రెండు అంకెలూ పక్కపక్కన రాసి ఉంటే నాకు చాలు.