పుట్టింటివైపు సిజేరియన్ అయితే హెచ్‌బీఎన్‌సీ (పుట్టిన బిడ్డను ఇంటికెళ్లి చూసే పని) 250 రూపాయలు ఏ ఆశాకి?

ప్రశ్న: నెలలు నిండేదాకా చూసింది అత్తగారి ఊరి ఆశా. కాన్పు పుట్టింటివైపు, సిజేరియన్, ఆరో రోజు డిశ్చార్జి. ఇరవై ఒకటో రోజు బారసాల చేసి బాలింతను తిరిగి పంపారు. వోచర్లు రెండు ఊళ్ల నుంచీ వచ్చాయి. ఎవరికి రాయాలి? జేఎస్‌వై (జననీ సురక్షా యోజన, ఆస్పత్రి కాన్పుల పథకం) కింద ఆశాకిచ్చే 600 సంగతేంటి?

జవాబు 1: ఇద్దరికీ అండీ. మామూలుగా ఆస్పత్రి కాన్పుకి 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో ఆరుసార్లు వెళ్లాలి. సిజేరియన్‌కి 7 నుంచి 42 దాకా ఐదు చాలు, 250 పూర్తిగా వస్తుంది. తల్లి మధ్యలో ఊరు మారితే ఒక్కో విజిట్‌కి 50 లెక్క. పుట్టింటి ఆశాకి 7, 14, 21కి 150, అత్తగారి ఊరి ఆశాకి 28, 42కి 100. జేఎస్‌వైలో గర్భిణీ పరీక్షల 300 అత్తగారి ఊరామెది, ఆస్పత్రికి తోడెళ్లిన 300 పుట్టింటి ఊరామెది. మనవి హెచ్‌పీఎస్ (ఆస్పత్రి కాన్పుల్లో మెరుగ్గా ఉన్న) రాష్ట్రాలు కనుక ఈ 600 బీపీఎల్, ఎస్సీ, ఎస్టీ కాన్పులకే.

జవాబు 2: ముందు ఎంసీపీ కార్డు (తల్లీబిడ్డల ఆరోగ్య కార్డు) తెరిచి చూడండి, చాలా వోచర్లు అక్కడే ఆగుతాయి. బిడ్డ బరువు గడి ఖాళీగా ఉంటుంది. బీసీజీ టీకా వేసినా తేదీ ఉండదు. జనన నమోదేమో ఆస్పత్రి ఉన్న టౌన్లో జరుగుతుంది, ఊళ్లో కాగితం దొరకదు. 45వ రోజు డబ్బు ఇచ్చేముందు ఇవన్నీ అడుగుతారు. తల్లీబిడ్డా 42 రోజులు క్షేమంగా ఉండాలన్న షరతూ ఉంది. ముప్పయ్యో రోజు బిడ్డ పోతే అప్పటిదాకా తిరిగిన తిరుగుడు ఏమైనట్టు? నా దృష్టిలో ఇది అన్యాయమైన షరతు.

జవాబు 3: రువాండాలో 2006 నుంచి ఇలాగే పనికింత అని ఆరోగ్య కేంద్రాలకు ఇచ్చారు. కాన్పుకి 4.59 డాలర్లు, మొదటి గర్భిణీ పరీక్షకి 0.09. ఆస్పత్రి కాన్పులు 23 శాతం పెరిగాయి, నాలుగు గర్భిణీ పరీక్షలూ పూర్తిచేసుకున్నవాళ్లు మాత్రం పెరగలేదు. రేటు అంత తక్కువ, పైగా నాలుగూ పూర్తవ్వాలంటే తొలి నెలల్లోనే రావాలి, అది గర్భిణి చేతిలో ఉంది, నర్సు చేతిలో కాదు. అక్కడ ఇంకో మెలిక, మూడు నెలలకోసారి నాణ్యతకి మార్కులేసి బిల్లు మొత్తాన్ని వాటితో గుణిస్తారు. మన వోచర్లో అది లేదు. బిడ్డకి థర్మామీటరు పెట్టి చూసినా, గుమ్మంలోంచే పలకరించి వచ్చినా అదే 50.

ప్రశ్న అడిగినవారు: సరేనండీ, 150, 100గా విడగొట్టి పంపుతున్నా. బరువు గడి నిజంగానే ఖాళీ.