సీటీ లేని చోట బుగ్గ ఎముక ఫ్రాక్చర్‌ని ఎలా పట్టుకోవాలి?

ప్రశ్న (సీహెచ్‌సీ, అంటే సామాజిక ఆరోగ్య కేంద్రం, డ్యూటీ డాక్టర్): బైక్ మీంచి పడ్డ కేసులు. ముఖం ఒకపక్క ఉబ్బిపోయి కన్ను మూసుకుపోతోంది. ఎక్స్‌రే తప్ప ఏమీ లేదు. జైగోమా (బుగ్గ ఎముక) విరిగిందని చేత్తో ఎలా తేల్చాలి? రాత్రికి రాత్రే ఎవర్ని పంపాలి?

మాక్సిల్లోఫేషియల్ (ముఖం, దవడల) సర్జన్: ముందు శ్వాస, తల, మెడ చూడండి సార్. వాటర్స్ వ్యూ (తల వెనక్కి వంచి తీసే ముఖం ఎక్స్‌రే) కోసం మెడ వెనక్కి వంచొద్దు, మెడ సంగతి తేలాకే ఆ ఫిల్మ్.

ఎదురుగా చూస్తే వాపు మోసం చేస్తుంది. తల వెనక నిలబడి, రెండు బుగ్గల మీద చూపుడువేళ్లు ఆనించి పైనుంచి చూడండి, దెబ్బ వైపు వేలు లోపలికి దిగి ఉంటుంది. వాపు దాన్నీ కప్పేస్తే గ్లవ్ వేసుకుని నోట్లో, పై దవడ మొదటి మోలార్‌కి (వెనక నమిలే పన్ను) బయట ఉన్న గాడిలో వేలు పైకి జరపండి. ఎముక మెట్టులా తగిలినా, అక్కడ నీలంగా కమిలినా దాదాపు ఫ్రాక్చరే. దూదితో కంటి కింద, ముక్కు పక్క, పై పెదవి మీద తాకించండి. స్పర్శ లేకపోతే ఇన్‌ఫ్రాఆర్బిటల్ నరం (కంటి కింద స్పర్శ నరం) దెబ్బతిన్నట్టు. ఆపరేషన్‌కి ముందే కేస్‌షీట్‌లో రాయకపోతే ఆ మొద్దుబారడం తర్వాత సర్జన్ నెత్తిన పడుతుంది! నోరు రెండు వేళ్లంత కూడా తెరుచుకోకపోతే ఆర్చ్ (బుగ్గ ఎముక పక్క కమాను) లోపలికి నొక్కుకుని ఉండొచ్చు, కాండైల్ (కింది దవడ కీలు భాగం) కూడా చూడండి.

కంటి డాక్టర్: వాపు పెరగకముందే రెప్పలు తెరిచి చూపు నమోదు చేయండి. కంటిగుడ్డు మీద ఒత్తిడి పడకూడదు. టార్చ్ మంచి కంటి నుంచి దెబ్బ కంటికి తిప్పగానే కనుపాప పెద్దదైతే చూపు నరం ప్రమాదంలో ఉంది. కన్ను ముందుకు ఉబ్బి, రాయిలా గట్టిపడి, చూపు తగ్గుతుంటే వెనక రక్తం చేరినట్టే. స్కాన్ కోసం ఆగకుండా లేటరల్ కాంథాటమీ (ఒత్తిడి దించడానికి కంటి బయటి మూల కోయడం) చేయాలి, సుమారు 2 గంటలు దాటితే చూపు తిరిగిరావడం కష్టం. చాలామంది చర్మం కోసి ఆగిపోతారు. కింది రెప్ప టెండన్ (రెప్పని ఎముకకి పట్టి ఉంచే నారు) కూడా తెగి, రెప్ప వదులైతేనే ఒత్తిడి దిగుతుంది. గుడ్డు పగిలిందనిపిస్తే మాత్రం ఇది చేయొద్దు, కంటికి షీల్డ్ పెట్టి పంపండి. పిల్లల్లో కన్ను తెల్లగానే ఉండి, పైకి చూడలేక, వాంతులూ నెమ్మది నాడీ ఉంటే విరిగిన ఎముకలో కంటి కండరం ఇరుక్కున్నట్టు, ఆ రాత్రే పంపాలి.

సీహెచ్‌సీ డ్యూటీ డాక్టర్: మిగతావాళ్లకి? యాంటీబయాటిక్?

మాక్సిల్లోఫేషియల్ సర్జన్: మూసి ఉన్న ఫ్రాక్చర్‌కి అలవాటుగా రాయక్కర్లేదు. గాయముంటే ధనుర్వాతం టీకా. తల ఎత్తులో పెట్టి ఐస్, మెత్తటి తిండి. ముక్కు చీదొద్దని గట్టిగా చెప్పండి. సైనస్ గాలి రెప్పల్లోకి దూరి కన్ను బుస్సున ఉబ్బుతుంది. తుమ్మొస్తే నోరు తెరిచి తుమ్మాలి. సీటీకి, మాకు చూపించడానికి ఒకట్రెండు రోజులు ఆగొచ్చు. వాపు తగ్గాక, రెండు వారాలు దాటకుండా సరిచేస్తాం. ఎంఎల్‌సీ (పోలీసు కేసుల కోసం మెడికో-లీగల్ నమోదు) మర్చిపోకండి, ఎముక విరిగితే చట్టం దృష్టిలో అది తీవ్ర గాయమే.