20 పైపులో ఎన్ని వైర్లు? 40 శాతం లెక్కా, సీపీడబ్ల్యూడీ పట్టికా?

కొత్తిల్లు_ఖమ్మం:
ఖమ్మంలో ఇల్లు కడుతున్నాం. సెంట్రింగ్ అయిపోయింది, స్టీలు కడుతున్నారు. వచ్చే వారం స్లాబ్. ఈలోపు కరెంటు పైపులు పరవాలి. మా ఎలక్ట్రీషియన్ ఇల్లంతా 20 మి.మీ. పైపే చాలంటున్నాడు. మాస్టర్ బెడ్‌రూమ్‌కి డీబీ (గదులకి కరెంటు పంచే బోర్డు) నుంచి ఒకే పైపులో లైట్లు, ప్లగ్గులు, ఏసీ మూడు లైన్లూ తెస్తానంటున్నాడు. ఎర్త్‌తో కలిపి 9 వైర్లు: 1.5 స్క్వేర్‌వి మూడు, 2.5వి నాలుగు, 4వి రెండు (ఈ అంకెలు లోపలి రాగి వైశాల్యం, చ.మి.మీ.లో).

పైపు వైశాల్యంలో 40 శాతం దాకా వైర్లతో నింపొచ్చని చదివి లెక్క వేశాను. మీడియం గ్రేడ్ పైపు లోపలి వ్యాసం 16.9 మి.మీ. అంటే వైశాల్యం 224 చ.మి.మీ., అందులో 40 శాతం 89.7. ఇన్సులేషన్‌తో కలిపి 1.5 వైరు మందం దాదాపు 3 మి.మీ., 2.5ది 3.6, 4ది 4.2. తొమ్మిదింటి వైశాల్యం కలిపితే 89.6 వచ్చింది. సరిగ్గా అంచుమీద పాసైంది! కానీ సీపీడబ్ల్యూడీ (కేంద్ర ప్రజా పనుల శాఖ) స్పెసిఫికేషన్ పట్టికలో 20 మి.మీ. పైపుకి 2.5 వైర్లు ఐదే అని, వంపులుంటే మూడే అని ఉంది. ఇంత తేడా ఎందుకు? ఏది నమ్మాలి? స్లాబ్ పోశాక మార్చే వీలుండదు కదా, టెన్షన్‌గా ఉంది.

పాయింట్_వర్క్:
సార్, ఇరవై ఏళ్ళుగా ఇదే పని చేస్తున్నాను. ఆ పట్టిక చూసి ఇంటి వైరింగ్ చేసేవాళ్ళు నాకు ఇంతవరకు తగల్లేదు. 20 పైపులో 2.5 వైర్లు ఆరు మామూలుగా లాగుతాం. మీ తొమ్మిది కూడా పోతాయి, మూడు నాలుగు మాత్రం సన్నవే కదా. పైపు సైజు కంటే పైపు ఎలా వేశారన్నదే ముఖ్యం. రెడీమేడ్ ఎల్బో పెట్టి తొంభై డిగ్రీలు తిప్పితే 25 పైపైనా వైరు రాదు. స్ప్రింగు పెట్టి పైపునే నిదానంగా వంచితే 20లో కూడా సాఫీగా వస్తుంది.

ఇంకోటి. స్లాబ్‌లో పైపు మూసుకుపోయిందని పిలిచిన ఇళ్ళలో నేను చూసింది ఎక్కువగా సిమెంటు పాలు దిగి గడ్డకట్టడమే. జాయింటుకి సొల్యూషన్ పూయరు, ఫ్యాన్ బాక్సు నోరు మూయరు, కాంక్రీటు పోసేవాళ్ళు పైపు మీద నడిచి పగలగొడతారు. దానికి శాతాల లెక్కతో సంబంధం లేదు.

షికాగో_వైరింగ్:
నేను షికాగోలో ఎలక్ట్రీషియన్‌ని, ఊరు తెనాలి. అమెరికాలో చాలా చోట్ల ఇళ్ళకి పైపు ఉండదు, కేబుల్‌నే చెక్క ఫ్రేములో పరిచేస్తారు. ఇక్కడ మాత్రం ఇళ్ళకి కూడా మెటల్ పైపు వెయ్యాల్సిందే, కాబట్టి ఆ 40 శాతంతో రోజూ పని పడుతుంది. అది అమెరికా ఎలక్ట్రికల్ కోడ్‌లోది. ఒక్క వైరే ఉంటే 53 శాతం, రెండుంటే 31, అంతకు మించితే 40. మా అరంగుళం ఈఎంటీ (పల్చటి మెటల్) పైపులో 12 గేజ్ టీహెచ్‌హెచ్‌ఎన్ వైర్లు తొమ్మిది దాకా పెట్టొచ్చు.

అయితే ఖమ్మం సోదరుడు ఆ ఒక్క అంకెనే తీసుకున్నారు. దానితోపాటు ఉన్న షరతులు కూడా తీసుకోవాలి. రెండు బాక్సుల మధ్య వంపులన్నీ కలిపి 360 డిగ్రీలు దాటకూడదు. లాగే దూరం, వంపులు సహేతుకంగా ఉంటేనే ఈ శాతం వర్తిస్తుందని కోడ్ పక్కనే రాసి ఉంటుంది. టీహెచ్‌హెచ్‌ఎన్ వైరు మీద నైలాన్ పొర ఉంటుంది, నున్నగా జారుతుంది. మన ఎఫ్‌ఆర్ (మంట త్వరగా పాకని రకం) వైరుకి పైన ఉన్నది పీవీసీయే, పీవీసీ పైపు గోడకి అది బాగా రాసుకుంటుంది. ఇన్ని తేడాలుండగా 89.7కి 89.6 వచ్చిందని ధైర్యపడటం సరికాదు. అదే పైపు హెవీ గ్రేడ్‌ది కొంటే లోపల 15.8 మి.మీ.యే ఉంటుంది, పరిమితి 78కి పడిపోతుంది. గట్టిదని మంచి పైపు కొన్నందుకే లెక్క తప్పుతుంది.

కొత్తిల్లు_ఖమ్మం:
హెవీ పైపే కొందామనుకున్నాం అండీ, కాంక్రీటులో పగలదని. ఆ సంగతి తట్టలేదు.

రిటైర్డ్_ఏఈ:
ప్రభుత్వ భవనాల పనుల్లోనే సర్వీసంతా గడిచింది కాబట్టి ఆ పట్టిక గురించి చెప్తాను. అందులో ప్రతి పైపు సైజుకీ రెండు గడులుంటాయి. ఒకటి నిటారు పైపుకి: రెండు డ్రా బాక్సుల (వైరు లాగడానికి పెట్టే పెట్టెలు) మధ్య 4.25 మీటర్లు మించకూడదు, 15 డిగ్రీల కంటే ఎక్కువ వంగకూడదు. రెండోది అంతకంటే వంగిన పైపుకి. 1.5 వైర్లు 20 పైపులో నిటారుగా 5, వంపుంటే 4. అదే 25 పైపులో 10, 8. 2.5 వైర్లయితే 25 పైపులో 8, 6. 4 వైర్లు 20లో 3, 2. 25లో 6, 5.

పాయింట్_వర్క్ తమ్ముడు చెప్పినట్టు వైర్లు లోపలికి పోతాయి. నేను కాదనను. కొత్త పైపు, కొత్త వైరు, చేతిలో కాస్త బలం, కొంచెం టాల్కమ్ పౌడరు ఉంటే పట్టికకి రెట్టింపు కూడా పోతాయి. నేనడిగేది వేరు. పదిహేనేళ్ళ తర్వాత అందులో ఒక్క వైరు కాలితే, మిగతా ఎనిమిదీ కదలకుండా అదొక్కటే బయటికి వస్తుందా? పీవీసీ వయసుతో బిగుసుకుంటుంది. వేడికి వైర్లు ఒకదానికొకటి అంటుకుంటాయి. లాగేటప్పుడు పెనవేసుకున్న వైర్లు వంపు దగ్గర ముడిలా బిగుస్తాయి. అప్పుడు ఇంటివాళ్ళు చేసేదేమిటి? గోడ మీద కేసింగ్ పట్టీ కొట్టి కొత్త లైను తెచ్చుకుంటారు. మన పట్టణాల్లో పాత ఇళ్ళ గోడల మీద ఆ తెల్ల పట్టీలు ఎన్ని చూడట్లేదు? స్లాబ్‌లో పైపు ఇల్లున్నంత కాలం ఉంటుంది. వైరు ఉండదు. పట్టికలో కనిపించే ఆ ఖాళీ అంతా తర్వాత వైరు మార్చుకోవడానికి వదిలిన జాగా.

ఇది ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. పైపు సైజు నిర్ణయించే అవకాశం ఒక్కసారే వస్తుంది, అదీ ఇంటివాళ్ళు సిమెంటు, స్టీలు ధరల హడావుడిలో ఉన్నప్పుడు.

పాయింట్_వర్క్:
సార్, మీరన్నది ఆఫీసు భవనాలకి. అక్కడ టెండర్‌లోనే 25 పైపు రాసి ఉంటుంది, డబ్బులొస్తాయి. ఇక్కడ చదరపు అడుగుకింత అని మాట్లాడుకుంటాం. 25 పైపు, 25 బెండు, దానికి సరిపడే బాక్సు అన్నీ మా జేబులోంచే పోతాయి. రేటు పెంచమంటే పక్కవాడిని పిలుస్తారు. పట్టిక పాటించాలంటే ముందు రేటులో అది ఉండాలి కదా. మేం పని చెడగొట్టాలని చేయట్లేదు.

రిటైర్డ్_ఏఈ:
అది న్యాయమైన మాటే తమ్ముడూ. ఖమ్మం వారూ, పైపులు, బెండ్లు, బాక్సులు మీరే కొనివ్వండి. అతనికి కూలీ మాత్రం మాట్లాడుకోండి. అప్పుడు 20 వేయాలని అతనికీ ఒత్తిడి ఉండదు.

దోహా_ఎలక్ట్రికల్:
జగిత్యాల నుంచి వచ్చి ఖతార్‌లో పని చేస్తున్నా. మేం ఇక్కడ బ్రిటిష్ పద్ధతి వాడతాం. అందులో శాతం ఉండదు. ప్రతి వైరు సైజుకీ ఒక అంకె, ప్రతి పైపుకీ ఒక అంకె ఇస్తారు. వైర్ల అంకెలు కూడితే పైపు అంకె దాటకూడదు. పైపు పొడవయ్యే కొద్దీ, ఒక్కో వంపు పెరిగే కొద్దీ పైపు అంకె తగ్గిపోతుంది. నా మట్టుకు ఇదే సరైన పద్ధతి. అమెరికా లెక్క వైశాల్యం చెప్పి వంపుల్ని పక్కన షరతుగా పెట్టింది. మన పట్టిక వంపుంటే ఒకటి, లేకుంటే ఒకటి అని రెండు గడులతో ఆపింది. ఒక వంపున్న పైపూ మూడు వంపులున్న పైపూ ఒకటెలా అవుతాయి?

వేడి సంగతి ఎవరూ ఎత్తలేదు. బ్రిటిష్ పట్టికలో గోడ మీది పైపులో 2.5 వైరుకి 24 ఆంపియర్లు, అది 30 డిగ్రీల దగ్గర. 40 డిగ్రీలైతే 0.87తో గుణించాలి. మూడు సర్క్యూట్లు ఒకే పైపులో ఉంటే ఇంకో 0.70. చివరికి 14.6 మిగులుతుంది. దాని మీద 16 ఆంపియర్ల ఎంసీబీ (కరెంటు మితిమీరితే పడిపోయే స్విచ్) పెడితే వైరుకి రక్షణ తక్కువైనట్టే. ఖమ్మంలో మే నెలలో ఎండ పడే పై స్లాబ్ లోపల 40 డిగ్రీలతో ఆగదు.

పాయింట్_వర్క్:
ఈ లెక్క కొంచెం ఎక్కువ భయపెడుతోంది అన్నా. ఇన్వర్టర్ ఏసీ టన్నున్నరది 8 ఆంపియర్ల దగ్గర లాగుతుంది. 4 వైరుకి అదొక లెక్కా? లైట్లన్నీ ఎల్‌ఈడీలు, మొత్తం వేసినా ఒక ఆంపియరు రాదు. మూడు సర్క్యూట్లూ ఫుల్ లోడుతో గంటల తరబడి నడిస్తేనే మీ 0.70.

షికాగో_వైరింగ్:
ఇక్కడ పాయింట్_వర్క్ అన్నది సబబే. మా కోడ్‌లో కూడా కరెంటు మోసే వైర్లనే లెక్కిస్తాం, ఎర్త్ లెక్కలోకి రాదు. ఆరు ఉంటే 80 శాతానికి తగ్గిస్తాం, ఏడు నుంచి తొమ్మిదైతే 70 శాతానికి. ఈ బెడ్‌రూమ్‌లో రోజూ ఎక్కువసేపు నడిచేది ఏసీ ఒక్కటే. వేడి వల్ల ఈ పైపు కాలిపోతుందని నేననను. కానీ ఆ ప్లగ్గు లైన్ మీదే రేపు గీజర్ పెడితే పరిస్థితి వేరు. గీజర్‌కి వేరే పైపు ఉందా?

కొత్తిల్లు_ఖమ్మం:
గీజర్‌కి విడిగా ఉంది. ఏసీ సంగతే తేలట్లేదు. ఏసీని వేరే 20 పైపులో పెడితే? 4 వైర్లు రెండు, ఎర్త్ 2.5 ఒకటి. మూడే కదా.

రిటైర్డ్_ఏఈ:
పట్టిక అక్షరాలా పాటిస్తే వంపున్న 20 పైపులో 4 వైర్లు రెండే. కానీ మీ మూడోది ఎర్త్, సన్నది. మూడూ కలిపి పైపులో 17 శాతమే. నేనైతే లోపల వెడల్పైన రెండు వంపులకి మించకుండా చూసుకుని ఒప్పుకుంటాను. పట్టిక తయారైనప్పటి వైర్ల కంటే ఇప్పటివి మెత్తన, సన్నన. పట్టికని కాస్త సడలించవచ్చు, తొమ్మిది వైర్ల దాకా మాత్రం కాదు.

స్లాబ్_ఇంజనీర్:
సివిల్ వైపు నుంచి ఒక మాట. అందరూ 25, 25 అంటున్నారు. స్లాబ్ మందం ఎంత? మన ఇళ్ళకి సాధారణంగా 5 అంగుళాలు, 125 మి.మీ. అమెరికా కాంక్రీట్ కోడ్ ఏసీఐ 318లో ఒక నియమం ఉండేది: స్లాబ్‌లో పెట్టే పైపు బయటి కొలత స్లాబ్ మందంలో మూడో వంతు దాటకూడదు, పైపుల మధ్య కేంద్రం నుంచి కేంద్రానికి మూడు వ్యాసాల దూరమైనా ఉండాలి. మీ స్లాబ్‌కి మూడో వంతు అంటే 41 మి.మీ. పైన. ఒక పైపు మీదుగా ఇంకో పైపు దాటే చోట కూడా నేను ఇదే చూస్తాను. రెండు 20లు దాటితే 40, సరిపోతుంది. రెండు 25లు దాటితే 50, సరిపోదు.

అన్నిటికన్నా చెడ్డది డీబీ దగ్గర. పది పన్నెండు పైపులు కట్టెలమోపులా ఒకే చోట దిగుతాయి, మధ్యలో కంకర వెళ్ళే సందే ఉండదు. అక్కడ స్లాబ్ పని చేయదు, పైపుల మీద సిమెంటు పూత ఉంటుందంతే. వైర్లకి జాగా కావాలని స్లాబ్‌ని బలహీనం చేయొద్దు. 25 వేస్తే ఒకదాన్నొకటి దాటకుండా దారి మార్చండి. డీబీ దగ్గర 75 మి.మీ. ఎడంతో విడివిడిగా దించండి. పైపులు పై వరుస, కింది వరుస స్టీలు మధ్యలోనే ఉండాలి.

దోహా_ఎలక్ట్రికల్:
ఇది మంచి పాయింటు. అందుకే ఇక్కడ చాలా లైన్లు గోడలోంచి, ఫాల్స్ సీలింగ్ మీదుగా తీసుకెళ్తారు. ఖమ్మం అన్నా, మాస్టర్ బెడ్‌రూమ్ డీబీ గోడకి ఆనుకునే ఉంటే ఏసీ లైనుని స్లాబ్‌లో వెయ్యనే వద్దు, గోడకి గాడి కొట్టి తీసుకెళ్ళండి.

పాయింట్_వర్క్:
ఏసీ గోడలోంచి పోతే స్లాబ్ పైపులో ఆరే మిగులుతాయి. 1.5వి మూడు, 2.5వి మూడు. అప్పుడు కూడా 20 వద్దంటారా ఏఈ గారూ? వైశాల్యం 52, అంటే 23 శాతం.

రిటైర్డ్_ఏఈ:
మధ్యలో ఫ్యాన్ బాక్సు డ్రా పాయింట్‌గా వస్తుంది కాబట్టి, ఒక్కో ముక్కలో రెండు వంపులే ఉంటే 20కి ఒప్పుకుంటాను. మూడో వంపొస్తే 25. అది కూడా మరో పైపుని దాటని దారిలోనే.

షికాగో_వైరింగ్:
ఒక్కటి చెప్పి ముగిస్తాను. శాతం లెక్క పట్టించుకోని ఇరుకు ఇంకోటుంది. మీటరు నుంచి డీబీకి వచ్చే లావు వైర్లు, మందం 6 మి.మీ. అనుకోండి, మూడింటిని 20 మీడియం పైపులో వేస్తే 38 శాతమే అవుతుంది, లెక్కలో పాస్. కానీ పైపు లోపలి వ్యాసాన్ని వైరు మందంతో భాగిస్తే 2.8 వస్తుంది. మూడు వైర్లకి ఈ నిష్పత్తి 2.8, 3.2 మధ్య ఉంటే వంపు దగ్గర మూడూ పక్కపక్కనే చేరి అడ్డం పడి బిగుసుకుంటాయి. వంచిన చోట పైపు కొంచెం నొక్కుకుని అండాకారమవడం వల్ల ఇంకా సులువుగా జరుగుతుంది. ఆ మెయిన్ లైనుకి మాత్రం 32 తగ్గొద్దు.

లాగేటప్పుడు వైర్లన్నీ ఒకేసారి లాగించండి. ముందు నాలుగు లాగి తర్వాత రెండు ఎక్కిస్తే, కొత్త వైరు పాతవాటి ఇన్సులేషన్‌ని రాసుకుంటూ పోతుంది, నైలాన్ తాడయితే కోసేస్తుంది కూడా. ఒకరు ఇటు నుంచి మెలిక పడకుండా అందించాలి, ఇంకొకరు అటు లాగాలి. నూనె, గ్రీజు రాయనివ్వకండి, పీవీసీ పాడవుతుంది.

కొత్తిల్లు_ఖమ్మం:
ఎలక్ట్రీషియన్‌తో మాట్లాడాను. సామాను మేమే కొంటున్నాం అంటే వెంటనే ఒప్పుకున్నాడు. ఏసీ గోడలోంచి, మెయిన్ 32, స్లాబ్‌లో రెండు వంపులు దాటిన దార్లకి 25. ఒక చిక్కు మిగిలింది. హాల్లో రెండు 25 పైపులు దాటక తప్పట్లేదు, బీమ్ పక్కనే.

స్లాబ్_ఇంజనీర్:
ఆ రెండింటిలో ఒకదాన్ని రెండు 20లుగా విడగొట్టండి. అప్పుడు దాటే చోట 45 అవుతుంది, ఇంకా మూడో వంతు మించే ఉంది. కాబట్టి ఆ దాటే చోటుని బీమ్ పక్కనుంచి తీసేయండి, అక్కడే షియర్ (కోత బలం) ఎక్కువ. గది మధ్య వైపు జరిపి, పైన అడ్డంగా రెండు మూడు అదనపు ఊచలు కట్టించండి. కాంక్రీటు పోసే ముందు టేపు పెట్టి ఫొటోలు తీసుకోండి, రేపు ఫ్యాన్ హుక్‌కి డ్రిల్ వేసేవాడికి పైపెక్కడుందో తెలియాలి.