‘గణనీయమైన తేడా’ అనాలా, ‘సార్థకమైన తేడా’ అనాలా?

ప్రశ్న: రెండు రకాల కుర్తీలు వెయ్యేసి అమ్ముడయ్యాయి. ఒక రకంలో 60, రెండో రకంలో 80 వాపసు వచ్చాయి. 5 శాతం స్థాయిలో (అంటే లేని తేడాను ఉందనుకునే పొరపాటుకు 5 శాతం అవకాశమే ఇచ్చి) పరీక్షిస్తే తేడా నిలవలేదు. నివేదికలో ‘గణనీయమైన తేడా లేదు’ అని రాయొచ్చా?

జవాబు: వద్దండి. ‘వర్షపాతం గణనీయంగా తగ్గింది’ అంటే బాగా తగ్గిందనే అర్థం చేసుకుంటాం. ఆ మాట పరిమాణాన్ని చెబుతుంది. పరీక్ష అడిగేది వేరు: అసలు తేడా లేకపోయినా ఇంత తేడా యాదృచ్ఛికంగా కనబడుతుందా అని. ఆ పరీక్షలో నిలిచిన తేడాను ‘సార్థకం’ అందాం. లెక్క చూడండి. రెండూ కలిపితే 2,000కి 140, అంటే 0.07. 0.07 × 0.93 × (1/1,000 + 1/1,000)కి వర్గమూలం తీస్తే ప్రామాణిక దోషం (యాదృచ్ఛికంగా తేడా ఎంత అటూ ఇటూ ఊగుతుందో చెప్పే కొలత) 0.0114. తేడా 0.02ని దానితో భాగిస్తే 1.75. 5 శాతం స్థాయికి రెండువైపుల (ఏ రకంలో వాపసులు ఎక్కువైనా పట్టుకునే) పరీక్షలో 1.96 దాటాలి, దాటలేదు. కానీ 6 శాతం కాస్తా 8 అయితే వాపసులు మూడో వంతు పెరిగినట్టు. అమ్మేవాళ్లకి అది గణనీయమే! అదే లక్షేసి అమ్మితే 6,000, 6,300 వచ్చాయనుకోండి, విలువ 2.79. అది సార్థకం, అయినా గణనీయం అనబుద్ధి కాదు.

ఇంకొకరు: ‘జన్మ సార్థకమైంది’ అన్న ధ్వని అడ్డు రాదా?

జవాబు: కొంత వస్తుంది. కానీ ‘సార్థకనామధేయుడు’ అన్నప్పుడు పేరు ఊరికే పెట్టింది కాదు, దాని వెనక అర్థం ఉందనే కదా. ఇక్కడ కావలసింది ఆ అర్థమే. మొదటిసారి వాడినప్పుడు ‘గణాంకపరంగా సార్థకం’ అని పూర్తిగా రాస్తే చాలు.

మరొకరు: నాకు విశేషణం కంటే క్రియ ముఖ్యమనిపిస్తుంది. ‘తేడా లేదని తేలింది’ అని రాస్తే తప్పు, ‘తేడా ఉందని తేలలేదు’ అన్నది సరి. వ్యతిరేకార్థం ఏ క్రియకు తగిలించామన్న దాన్ని బట్టి ఫలితమే మారిపోతుంది. శూన్య పరికల్పనను, అంటే అసలు తేడా లేదన్న ఊహను, ‘అంగీకరించాం’ అనకుండా ‘తోసిపుచ్చలేకపోయాం’ అనడమూ ఇందుకే.

జవాబు: చక్కగా చెప్పారు. ‘వాపసు’ అన్న మాటనూ విడగొట్టండి. కొనేవారు తీసుకోకపోతే కొరియర్ తిరిగి తెచ్చినవి వేరు, తొడిగి చూసి పంపినవి వేరు. రెంటినీ ఒకే రేటులో కలిపితే కొలత సరిపోనందుకా, చిరునామా దొరకనందుకా తెలియదు. వాపసు గడువు ఇంకా ముగియని ఆర్డర్లనూ హారంలోంచి తీసేయాలి, లేకపోతే కొత్తగా అమ్మకానికి పెట్టిన రకం మంచిదన్న భ్రమ కలుగుతుంది.