'లాకప్ స్విచ్'ని తెలుగులో ఏమందాం? తాళమా, పట్టా?

అందరికీ నమస్కారం. డీజిల్ ట్రక్కులో ఆటోమేటిక్ గేర్‌బాక్సుకి చేత్తో వేసుకునే స్విచ్ ఒకటి అమర్చుకునే పద్ధతిని తెలుగులో రాస్తున్నాను. ఇంగ్లీషులో దాన్ని 'టార్క్ కన్వర్టర్ లాకప్ స్విచ్' అంటారు. టార్క్ కన్వర్టర్ అంటే ఇంజన్ తిప్పుడుని ఆయిల్ ద్వారా గేర్‌బాక్సుకి అందించే భాగం. టార్క్, కన్వర్టర్, స్విచ్ అనే మూడు మాటలతో పేచీ లేదు, అలాగే ఉంచేశాను. 'లాకప్' దగ్గరే మూడు రోజులుగా ఆగిపోయాను.

తెలుగులో లాకప్ అంటే పోలీస్ స్టేషన్‌లో గది. ఆ అర్థం ఎంతగా పాతుకుపోయిందంటే ఇంకో అర్థానికి చోటే లేదు. సరేనని 'తాళం' అని రాసి చూశాను. అది ఇంకా ప్రమాదం. "కన్వర్టర్‌కు తాళం పడింది" అని చదివినవాళ్లు ఏమనుకుంటారు? అది తిరగడం మానేసింది అనుకుంటారు. 'లాక్ అయింది' అన్నా అంతే. స్టీరింగ్ లాక్ అయింది, తలుపు లాక్ అయింది, ఫోన్ లాక్ అయింది... ఇవన్నీ కదలనివి, తెరుచుకోనివి. నిజానికి ఇక్కడ జరిగేది దానికి పూర్తిగా వ్యతిరేకం.

కన్వర్టర్ లోపల ఇంజన్‌తో తిరిగే చక్రం ఒకటి, గేర్‌బాక్సుని తిప్పే చక్రం ఒకటి ఎదురెదురుగా ఉంటాయి. మొదటిది ఇంపెల్లర్, రెండోది టర్బైన్. మధ్యలో ఆయిల్‌ని మళ్లించే స్టేటర్ ఉంటుంది. ఇంపెల్లర్‌కీ టర్బైన్‌కీ నేరుగా అతుకు లేదు. ఇంపెల్లర్ చిమ్మే ఆయిల్ తాకిడికే టర్బైన్ తిరుగుతుంది. హెర్మన్ ఫోటింగర్ 1905లో పేటెంట్ తీసుకున్న ఆలోచన ఇది. బండి ఆగి ఉన్నా ఇంజన్ ఆగిపోకుండా ఉండేది దీనివల్లే. కానీ ఆయిల్ మీద ఆధారపడిన చక్రం కొంచెం వెనకబడి తిరుగుతుంది, ఆ జారుడు వేడిగా మారుతుంది. బరువు లాగుతూ ఎత్తు ఎక్కుతున్నప్పుడు గేర్‌బాక్సు ఆయిల్ కాగిపోవడానికి ముఖ్య కారణం ఇదే. దీన్ని ఆపడానికి లోపల ఒక క్లచ్ పెట్టారు. అది టర్బైన్‌ని, ఇంజన్‌తో కలిసి తిరిగే కన్వర్టర్ పైతొడుగుకి పట్టించేస్తుంది. అప్పుడు ఇంజన్ ఎంత తిరిగితే టర్బైనూ అంతే తిరుగుతుంది, జారుడు ఉండదు.

అంటే ఈ 'లాకప్'లో ఏదీ ఆగదు. రెండూ ఒకటై తిరుగుతాయి. అదే బండిలో బ్రేకు గట్టిగా తొక్కినప్పుడు చక్రాలు 'లాకప్' అయ్యాయంటే మాత్రం బిగుసుకుపోయి రోడ్డు మీద జారుతున్నాయని అర్థం. ఒకే బండిలో ఒకే మాటకి రెండు ఎదురు అర్థాలు. ఇంగ్లీషువాళ్లకి అలవాటైపోయింది. మనం ఆ గందరగోళాన్ని ఎందుకు దిగుమతి చేసుకోవాలి?

నా ప్రతిపాదన 'పట్టు'. మెకానిక్కులు "క్లచ్ పట్టట్లేదు" అని ఎప్పుడూ అంటూనే ఉంటారు, కాబట్టి ఇది కొత్తగా కనిపెట్టిన మాట కాదు. దానికి జతగా 'విడుపు' కూడా మనకి సిద్ధంగా ఉంది. గ్రహణం పడుతుంది, విడుస్తుంది. ఉడుంపట్టు అంటాం, పట్టు విడవడం అంటాం. అందుకే ఆ స్విచ్‌ని 'పట్టువిడుపు స్విచ్' అంటే ఎలా ఉంటుంది? మీ అభిప్రాయాలు చెప్పండి.

వ్యాఖ్య:
మాట బాగుందండీ, కానీ ఒక చిక్కుంది. "ఇంజన్ పట్టేసింది" అంటే పిస్టన్లు బిగుసుకుపోయి ఇంజన్ పాడైందని కదా అర్థం. "మెడ పట్టేసింది" కూడా అంతే. మీరు తప్పించుకోవాలనుకున్న 'కదలకపోవడం' ఈ మాటలోనూ ఉంది.

నా జవాబు:
చాలా మంచి పాయింట్ అండీ, ఇది నాకు తట్టలేదు. రెండు రోజులు ఆలోచించాక నాకు అనిపించింది ఇది. ఆ చెడ్డ అర్థం 'పట్టు'లో లేదు, 'వేయు' చేరడంలో ఉంది. "క్లచ్ పట్టింది" అంటే పని చేసిందని. "క్లచ్ పట్టేసింది" అంటే ఇక వదలట్లేదని. ఒక్క సహాయక క్రియతో మంచి వార్త చెడ్డ వార్త అవుతుంది. కాబట్టి కాగితం మొత్తంలో 'పట్టింది', 'పట్టించండి' అనే రాస్తాను. 'పట్టేసింది' అన్న రూపాన్ని ఒక్క సందర్భానికే దాచిపెడతాను: క్లచ్‌ని పట్టించే సోలనాయిడ్ (కరెంటుతో పనిచేసే వాల్వు) పాడై క్లచ్ విడవకపోతే. అక్కడ ఆ మాట సరిగ్గా సరిపోతుంది. పైన పోస్టులో "పట్టించేస్తుంది" అని నేనే రాశాను, అది "పట్టిస్తుంది" అని ఉండాలి.

వ్యాఖ్య:
'పట్టువిడుపు' అంటే ఇప్పటికే సర్దుకుపోవడం అనే అర్థం స్థిరపడింది. "మాటల్లో పట్టువిడుపులు ఉండాలి" అంటాం. స్విచ్‌కి అది అతుకుతుందా? సంస్కృతంలో 'బంధక మీట' అనొచ్చు కదా.

నా జవాబు:
'బంధక'తో మళ్లీ జైలుకే వెళ్తాం అండీ. బంధించడం, బందీ అన్నీ ఆ కుటుంబమే. 'మీట' మాత్రం నాకు ఇష్టమైన మాటే, కానీ దాన్ని నొక్కుతాం, ఇక్కడిది అటూ ఇటూ వేసేది. ఇక సర్దుకుపోవడం అనే అర్థం గురించి: ఈ స్విచ్ వాడేవాడికి కావలసిన గుణం సరిగ్గా అదే. ఎప్పుడు పట్టాలో, ఎప్పుడు విడవాలో తెలిసి ఉండాలి. పట్టి ఉంచి బండిని పూర్తిగా ఆపితే, క్లచ్ తొక్కకుండా గేరులో ఆపిన బండిలాగా ఇంజన్ ఆగిపోతుంది. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి ఉన్నప్పుడు పట్టించబోతే క్లచ్ జారి కాలిపోవచ్చు. దిగుడులో ఎగ్జాస్ట్ బ్రేకు (పొగ బయటికి పోయే దారిని బిగించి ఇంజన్‌తోనే బండి వేగం తగ్గించేది) వాడుతున్నప్పుడేమో పట్టే ఉండాలి. లేకపోతే చక్రాల వైపు నుంచి వచ్చే బలం ఆయిల్లోనే చాలావరకు జారిపోయి ఇంజన్ బండిని సరిగ్గా ఆపలేదు. అసలు చాలామంది ఈ స్విచ్ పెట్టుకునేదే అందుకు. అన్నివేళలా పట్టి ఉంచేదైతే స్విచ్ ఎందుకు? కాబట్టి పేరులో 'విడుపు' ఉండి తీరాలి.

వ్యాఖ్య:
నేను ఆటో ఎలక్ట్రీషియన్‌ని. మీ పేరు సంగతి మీరు తేల్చుకోండి గానీ, వైరింగ్ దగ్గర "స్విచ్ వేయగానే సోలనాయిడ్‌కి కరెంట్ ఇస్తుంది" అని మాత్రం రాయకండి. చాలా బండ్లలో కరెంట్ ముందే ఉంటుంది. స్విచ్ ఇచ్చేది ఎర్త్, అంటే బ్యాటరీ నెగటివ్‌కి తిరుగుదారి.

నా జవాబు:
నమస్కారం అండీ, సరిగ్గా ఆ తప్పే నా చిత్తుప్రతిలో ఉంది. డాడ్జ్ రామ్ డీజిల్ ట్రక్కుల్లో 1994 నుంచి వాడిన 47 ఆర్‌హెచ్, 1996 నుంచి వాడిన 47 ఆర్‌ఈ గేర్‌బాక్సులే ఇందుకు ఉదాహరణ. అక్కడ సోలనాయిడ్‌కి ఒక వైపు 12 వోల్టులు ముందే ఉంటాయి. రెండో వైపుని బండిలోని కంప్యూటర్ ఎర్త్‌కి కలిపినప్పుడు క్లచ్ పడుతుంది. మనం పెట్టే స్విచ్ ఆ రెండో వైరునే బాడీ ఎర్త్‌కి కలపాలి. "కరెంట్ ఇవ్వండి" అని చదివి ఎవరైనా ఆ వైరుకి 12 వోల్టులు తగిలిస్తే, కంప్యూటర్ తన వంతుగా ఎర్త్ చేసిన క్షణంలో దాని లోపలి భాగం కాలిపోవచ్చు. అన్ని బండ్లకీ ఇదే వరస కాదు కాబట్టి, ఆ బండి వైరింగ్ పటం చూడకుండా వైరు కోయొద్దని కూడా రాస్తున్నాను.

ఇంకో సంగతి. కంప్యూటర్ అయితే బ్రేకు తొక్కగానే తన ఎర్త్ తీసేస్తుంది, మన స్విచ్ తీయదు. అందుకే మధ్యలో ఒక రిలే (కరెంటుతో దానంతటదే మారే స్విచ్). మామూలుగా కలిసే ఉండే దాని 30, 87ఎ అనే కాళ్ల మీదుగా ఎర్త్ వెళ్తుంది. బ్రేకు లైటు కరెంట్ రిలే కాయిల్‌కి రాగానే ఆ కలయిక తెగి క్లచ్ విడుస్తుంది. దిగుడులో బ్రేకు తాకినా పట్టు వదలకూడదని కొందరు ఈ రిలే పెట్టరు. అప్పుడు బండి ఆగేలోపు విడిపించే బాధ్యతంతా డ్రైవరుదే. ఇక్కడే మాట స్పష్టంగా ఉండటం నాకు ముఖ్యమనిపిస్తోంది.

వ్యాఖ్య:
మరి స్విచ్ మీద ఆన్, ఆఫ్ అని ఉంటుంది కదండీ?

నా జవాబు:
ఉంటుంది, దాని మీద చీటీ అంటించమని రాశాను. 'ఆన్' అంటే క్లచ్ పనిచేస్తోందనా, కంప్యూటర్ పనిచేస్తోందనా అన్న అనుమానం వస్తుంది. మన స్విచ్ తీసేస్తే క్లచ్ విడిచే ఉంటుందన్న హామీ లేదు, కంప్యూటర్ పట్టించి ఉండొచ్చు. అందుకని రెండో వైపుకి 'విడుపు' అని కూడా రాయలేం. ఇది నాకు ఈ ఉదయమే తట్టింది. కాబట్టి స్విచ్ పేరు 'పట్టువిడుపు స్విచ్' అనే ఉంటుంది, చీటీ మీద మాత్రం పైన 'పట్టు', కింద 'కంప్యూటర్ ఇష్టం' అని రాయిస్తున్నాను.